రెండు ఎపిసోడ్లు కుట్టేస్తే ఒక సినిమా: టీవీ నుంచి థియేటర్‌కి ఎక్కిన కౌబాయ్ బొమ్మల సంగతి

1952 నుంచి 1955 దాకా నాలుగేళ్ళలో అమెరికా థియేటర్లలో వైల్డ్ బిల్ హికాక్ అనే మార్షల్ (కౌబాయ్‌ల కాలపు పోలీసు అధికారి) హీరోగా 16 సినిమాలు వచ్చాయి. గై మాడిసన్ హీరో, పక్కన జింగిల్స్ అనే లావుపాటి డిప్యూటీగా ఆండీ డివైన్. బిహైండ్ సదరన్ లైన్స్, ఘోస్ట్ ఆఫ్ క్రాస్‌బోన్స్ కాన్యన్, టూ గన్ మార్షల్ లాంటి పేర్లు, గుర్రాలు తుపాకులున్న పోస్టర్లు, చూస్తే మామూలు కౌబాయ్ సినిమాలే అనిపిస్తాయి. కానీ ఆ పదహారులో ఒక్కటి కూడా సినిమాగా తీసింది కాదు. 1951లో మొదలైన టీవీ సిరీస్‌లోంచి అరగంట ఎపిసోడ్లు తీసుకుని, మధ్యలో యాడ్స్ కోసం వదిలిన ఖాళీలు తీసేసి, ఒకదాని తోకకి ఇంకోదాని తల అతికించి, కొత్త టైటిల్ కార్డు వేసి మోనోగ్రామ్ కంపెనీ రిలీజ్ చేసేసింది (తర్వాత ఆ కంపెనీయే అలైడ్ ఆర్టిస్ట్స్‌గా పేరు మార్చుకుంది).

వీటిని సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఒక్క లైన్లో తేల్చేస్తారు, ప్రేక్షకుల్ని మోసం చేసిన చవక సరుకు అని. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు కానీ అది సగమే. అసలు చూడాల్సింది ఆ అతుకు దగ్గర. రెండు ముక్కల్ని ఎక్కడ కలిపారు, ఎలా కలిపారు, ఆ ముక్కలు కలవడానికి పుట్టినవేనా లేక బలవంతంగా ముడేసినవా అన్నది చూస్తే, ఒకే పద్ధతిలో తయారైన ఈ బొమ్మల్లో కొన్ని ఎందుకు ఇప్పటికీ బతికున్నాయో, కొన్ని ఎందుకు చూడటమే కష్టమో చాలా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఇదంతా లెక్కతోనే మొదలైంది. అప్పట్లో టీవీలో అరగంట స్లాట్ అంటే యాడ్స్ పోగా చేతిలో మిగిలేది దాదాపు 26 నిమిషాల ఫిల్ము. రెండు కలిపితే 52. మోనోగ్రామ్, రిపబ్లిక్ లాంటి చిన్న కంపెనీలు 1930ల నుంచి తీస్తున్న బి వెస్టర్న్ సినిమాల (చవక బడ్జెట్ కౌబాయ్ సినిమాల) నిడివి కూడా చాలావరకు 55, 60 నిమిషాలే, వాటిని డబుల్ బిల్‌లో (ఒకే టికెట్‌కి రెండు సినిమాలు) రెండో బొమ్మగానో శనివారం మధ్యాహ్నం పిల్లల ఆటకో వేసేవాళ్ళు. అంటే రెండు ఎపిసోడ్లు కలిపితే అచ్చు గుద్దినట్టు ఒక బి సినిమా సైజు వస్తుంది. ఇటు చూస్తే 1950ల మొదట్లో అసలు బి వెస్టర్న్‌కి గిట్టుబాటు పోయింది. ఖర్చులు పెరిగాయి, థియేటర్ వాడు ఇచ్చే అద్దె పెరగలేదు, పైగా అదే గుర్రాలు అదే తుపాకులు ఇంట్లో టీవీలో ఫ్రీగా వస్తున్నాయి. 1954 కల్లా ఆ బి వెస్టర్న్ సిరీస్‌లు తీయడం ఆగిపోయింది. కానీ చిన్న ఊరి థియేటర్ వాడికి వారం వారం బొమ్మ మార్చాలి కదా, అది ఆగలేదు. అవతల టీవీ కోసం తీసిన ఫిల్ము డబ్బాలు రెడీగా ఉన్నాయి, పెట్టుబడి స్పాన్సర్ డబ్బుతో చాలావరకు వచ్చేసింది (హికాక్ సిరీస్‌కి కెల్లాగ్స్ స్పాన్సర్), ఇక ఎడిటింగు, ప్రింట్లు, పోస్టర్ల ఖర్చు తప్ప ఏమీ లేదు, వచ్చిందంతా లాభమే.

సరే, నిర్మాత లెక్క అర్థమైంది, మరి టీవీలో వచ్చేసిన దాన్ని డబ్బులిచ్చి ఎవరు చూస్తారు అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు 1948లో ఉంది. అమెరికాలో టీవీ స్టేషన్లకి లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ ఆ ఏడాది సెప్టెంబర్ చివర్లో కొత్త లైసెన్సులు ఆపేసింది, స్టేషన్ల సిగ్నల్స్ ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయని, ముందు ఫ్రీక్వెన్సీల పంపకం సరిచేసుకోవాలని. కొద్ది నెలల్లో అయిపోతుందనుకున్న ఆ ఆంక్ష 1952 ఏప్రిల్ దాకా సాగింది. అంటే పెద్ద పెద్ద నగరాల్లో పిల్లలు సాయంత్రం టీవీ ముందు కూర్చుని కౌబాయ్‌లని చూస్తున్న టైంలో, అదే దేశంలో చాలా ఊళ్ళకి సిగ్నలే లేదు. ఆంక్ష ఎత్తేశాక కూడా స్టేషన్ కట్టి టవర్ నిలబెట్టి ప్రసారం మొదలెట్టేసరికి ఇంకో రెండు మూడేళ్ళు పట్టింది. హికాక్ సినిమాలు ఆడిన సంవత్సరాలు ఏవో ఒకసారి మళ్ళీ చూడండి, 1952 నుంచి 1955. సిగ్నల్ ఇంకా చేరని ఊళ్ళో వాళ్ళకి అది టీవీ ఎపిసోడ్ కాదు, కొత్త సినిమానే. మోసం అనే మాట అందరికీ వర్తించదు అనడానికి కారణం ఇదే.

ఈ కుట్టుపని టీవీతో పుట్టింది కూడా కాదు. అంతకుముందు థియేటర్లలో వారానికో భాగం చొప్పున సీరియల్స్ వేసేవాళ్ళు, 12 భాగాలో 15 భాగాలో, ప్రతి భాగం చివర హీరో లోయలోకి పడిపోతున్నట్టు ఆపేసి మళ్ళీ వారం రమ్మనేవాళ్ళు. వాటిని కూడా తర్వాత కత్తిరించి ఒకే సినిమాగా చేసి అమ్మారు. రిపబ్లిక్ వాళ్ళు 1938లో లోన్ రేంజర్ అనే ముసుగు కౌబాయ్ మీద 15 భాగాల సీరియల్ తీసి, 1940లో దాన్నే హై యో సిల్వర్ అనే సినిమాగా వదిలారు. కత్తెర పట్టుకునే ఎడిటర్లకి ఈ పని కొత్త కాదు, సరుకు మాత్రమే కొత్తది.

అదే రోజుల్లో దీనికి సరిగ్గా ఎదురు దిశలో కూడా బేరం నడిచింది. హాపలాంగ్ క్యాసిడీగా 1935 నుంచి 66 సినిమాలు చేసిన విలియం బాయ్డ్ ఆ సినిమాల హక్కులు కొనుక్కుని 1949లో టీవీకి కుదించి ఇచ్చాడు, అది ఎంత ఊపు తెచ్చిందంటే టీవీలో కౌబాయ్‌ల వరద మొదలైందే దానితో. రిపబ్లిక్ వాళ్ళు కూడా పాటలు పాడే కౌబాయ్ హీరోలు రాయ్ రోజర్స్, జీన్ ఆట్రీల పాత సినిమాల్ని గంట స్లాట్‌లో పట్టేలా కోసి టీవీకి అమ్మబోతే రోజర్స్ 1951లో కోర్టుకెళ్ళాడు. తన పేరు, మొహం ఎవరి సరుకు ప్రచారానికి వాడాలన్నది తన హక్కు అన్నది ఆయన వాదన. కింది కోర్టులో గెలిచాడు, 1954లో అప్పీల్లో ఓడిపోయాడు. సినిమాని కోసి టీవీకి, టీవీని కుట్టి సినిమాకి, రెండు వైపులా ఒకే కత్తెర. బాయ్డ్‌లా హక్కులు కొనుక్కుంటే తప్ప రెండింట్లోనూ నటుడి చేతిలో పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు అతుకు దగ్గరికి వద్దాం. అరగంట ఎపిసోడ్ ఎలా కట్టి ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. హీరో ఊళ్ళోకి వస్తాడు, ఊళ్ళో ఏదో అన్యాయం జరుగుతుంటుంది, మధ్యలో ఒక దెబ్బ తింటాడు, చివర్లో గుర్రాల మీద వెంటపడటం, కాల్పులు, విలన్ పట్టుబడటం, ఒక చిన్న నవ్వు, అయిపోయింది. వచ్చేవారం ఎపిసోడ్‌లో ఇవేవీ ఎవరికీ గుర్తుండవు, హీరోతో సహా. ఏ ఎపిసోడ్ ఏ వారం వేసినా పర్లేదు అనేలా కావాలనే అలా కట్టేవాళ్ళు, రీరన్‌లలో వరస తప్పినా ఇబ్బంది ఉండకూడదని. సరిగ్గా ఆ గుణమే సినిమాగా కుట్టేటప్పుడు శాపమైంది. 26వ నిమిషంలో కథ పూర్తిగా ముగిసిపోతుంది. విలన్ జైల్లో ఉన్నాడు, జనం చేతులూపుతున్నారు, హీరో వెళ్ళిపోతున్నాడు, థియేటర్లో కూర్చున్న పిల్లాడు లేవబోతుంటాడు, అప్పుడు ఇంకో ఊరు, ఇంకో విలన్, మళ్ళీ మొదటి నుంచి. మన సినిమా భాషలో చెప్పాలంటే ఇంటర్వెల్ బ్యాంగ్ ఉండాల్సిన చోట శుభం కార్డు పడినట్టు ఉంటుంది.

దీన్ని దాచడానికి అప్పటి ఎడిటర్ల చేతిలో ఉన్న పనిముట్లు తక్కువే. ఇద్దరు గుర్రాల మీద వెళ్తున్న షాటు ఒకటి మధ్యలో పెట్టడం, దాని మీద వాయిస్ ఓవర్‌తో అక్కణ్ణించి వీళ్ళు ఫలానా ఊరికి బయల్దేరారు అని చెప్పించడం, మ్యాపు మీద గీత గీయడం, పేపర్ హెడ్‌లైన్ చూపించడం, టెలిగ్రామ్ రావడం. ఇక్కడ ఒక విషయం బాగా కలిసొచ్చింది. టీవీ కౌబాయ్‌లు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒకే బట్టలు వేసుకునేవాళ్ళు. వైల్డ్ బిల్ అంటే అదే తోలు చొక్కా, పిడులు ముందుకు తిప్పి పెట్టుకున్న అవే రెండు తుపాకులు, బక్‌షాట్ అనే అదే గుర్రం, జింగిల్స్‌కి జోకర్ అనే గుర్రం. ఒకసారి తీసిన గుర్రం పరుగు షాట్లని పది ఎపిసోడ్లలో వాడుకోవచ్చని చేసిన ఏర్పాటది, ఒక్కో ఎపిసోడ్ రెండు మూడు రోజుల్లో తీసేయాల్సిన బడ్జెట్లో అంతకన్నా మార్గం లేదు. ఆ పొదుపే తర్వాత రెండు ఎపిసోడ్లు కుట్టేవాడికి వరమైంది, ఎక్కణ్ణించి ఏ షాట్ తెచ్చి మధ్యలో పెట్టినా కంటిన్యుటీ దెబ్బతినదు. లొకేషన్లు కూడా అంతే, లాస్ ఏంజిలెస్ పక్కన చాట్స్‌వర్త్‌లోని ఐవర్సన్ రాంచ్ బండరాళ్ళు ఎన్ని కౌబాయ్ సినిమాల్లో, ఎన్ని సిరీస్‌లలో కనిపిస్తాయో లెక్కపెట్టలేం, ఆ రాళ్ళ మధ్య గుర్రం పోతుంటే అది ఏ ఎపిసోడ్ అని ఎవరు అడుగుతారు.

దాచలేనిది మాత్రం ఒకటి ఉంది, అది ఫ్రేము. టీవీ తెర చిన్నది, అందులో పెద్ద మైదానం పెడితే మనిషి చీమలా కనబడతాడు, అందుకే టీవీ కోసం తీసేటప్పుడు క్లోజప్పులు, నడుం దాకా షాట్లు ఎక్కువ పెట్టేవాళ్ళు. దాన్ని థియేటర్లో పెద్ద తెర మీద వేస్తే మొహాలే మొహాలు, ఊపిరాడదు. 1953లో సినిమాస్కోప్ వచ్చి తెరలు వెడల్పయ్యాక ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. వెస్టర్న్ అంటేనే నేల, ఆకాశం, ఆ రెండింటి మధ్య ఒంటరి మనిషి. ఆ నేల లేకుండా మొహాలతో నడిపిన వెస్టర్న్‌లో ఏదో పోయినట్టు ఉంటుంది, ఏం పోయిందో ప్రేక్షకుడు చెప్పలేకపోయినా ఆ వెలితి తెలుస్తుంది.

ఇక అతుకు బాగా కుదిరిన వాటికొస్తే, 1952లో వచ్చిన ద లెజెండ్ ఆఫ్ ద లోన్ రేంజర్ మంచి ఉదాహరణ. 1949 సెప్టెంబర్‌లో సిరీస్ మొదలైనప్పుడు వరసగా మూడు వారాలు వేసిన మొదటి మూడు ఎపిసోడ్లే అది. బుచ్ కావెండిష్ ముఠా మాటు వేసి టెక్సస్ రేంజర్లని చంపేయడం, బతికిన ఒక్కణ్ణి టోంటో అనే అమెరికా ఆదివాసీ కాపాడటం, ఆ ఒక్కడు ముసుగు వేసుకోవడం, పగ తీర్చుకోవడం. మూడు వారాలూ కలిపి ఒకటే కథ, హీరో పుట్టుక కథ. రేంజర్‌గా క్లేటన్ మూర్, టోంటోగా జే సిల్వర్‌హీల్స్ ఇద్దరూ ఆ పాత్రల్లో ఎలా నిలిచిపోయారో ఇక్కడే కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ సిరీస్ రేడియో నుంచి వచ్చింది కాబట్టి మొదటి ఎపిసోడ్ల నిండా వెనక నుంచి కథ చెప్పే గొంతు ఉంటుంది. టీవీలో చూస్తే అది కొంచెం ఎక్కువనిపిస్తుంది కానీ మూడు ముక్కలు కలిపి సినిమా చేసేసరికి ఆ గొంతే దారమైపోయింది, కొత్తగా ఏమీ కుట్టక్కర్లేకుండా.

అయితే ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద విజయం ఎవరిదంటే డిస్నీదే. 1954 చివర్లో ఏబీసీ చానల్లో వాల్ట్ డిస్నీ తన గంట ప్రోగ్రాంలో డేవీ క్రాకెట్ అనే నిజ జీవిత సరిహద్దు వీరుడి మీద మూడు ఎపిసోడ్లు మొదలెట్టాడు, డిసెంబర్ 15న ఒకటి, 1955 జనవరి 26న రెండోది, ఫిబ్రవరి 23న మూడోది. సరిహద్దు అడవుల్లో పోరాటం, తర్వాత కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్, చివరికి టెక్సస్‌లోని అలమో కోటలో ఆఖరి యుద్ధం. హీరో ఫెస్ పార్కర్‌ని అప్పటిదాకా పెద్దగా ఎవరూ ఎరగరు, పక్కన బడ్డీ ఎబ్సన్. పిల్లలు పిచ్చెక్కిపోయారు, దేశమంతా రకూన్ తోకల టోపీలు, ఎక్కడ చూసినా డేవీ పాటే. అదే ఏడాది వేసవికల్లా మూడింటినీ కలిపి డేవీ క్రాకెట్, కింగ్ ఆఫ్ ద వైల్డ్ ఫ్రాంటియర్ పేరుతో సినిమాగా వదిలాడు. టీవీలో కోట్ల మంది చూసేసి మూడు నెలలే అయింది, అయినా థియేటర్లు నిండాయి.

ఎందుకు నిండాయి అంటే మొదటి కారణం రంగు. ఆ రోజుల్లో ఏబీసీలో ఆ ప్రోగ్రాం వచ్చింది బ్లాక్ అండ్ వైట్లో, కానీ డిస్నీ వాటిని టెక్నికలర్లో తీయించాడు. టీవీ బడ్జెట్‌కి కలర్ అంటే అప్పుడు దుబారా, ఎవరూ చూడలేని రంగు కోసం ఎందుకు ఖర్చు అని అనిపించేది, కానీ ఆ రంగు ఎప్పటికైనా పనికొస్తుందని డిస్నీకి తెలుసు. నార్త్ కరొలైనా కొండల్లో తీసిన ఆ అడవుల్ని పిల్లలు మొదటిసారి పచ్చగా చూసింది థియేటర్లోనే. అంటే వాళ్ళు రెండోసారి డబ్బులిచ్చింది చూసిన దానికి కాదు, చూడనిదానికి. హికాక్ సినిమాలకి ఊళ్ళో సిగ్నల్ లేకపోవడం ఏ పని చేసిందో, ఇక్కడ రంగు ఆ పని చేసింది.

రెండో కారణం కథ కట్టుబడి. మూడు ఎపిసోడ్లూ ఒకే మనిషి జీవితం, వరసలో, చావు దాకా. ఏ ముక్కా ముందుదాన్ని మర్చిపోదు. మొదటి భాగంలో జనరల్ ఆండ్రూ జాక్సన్ (తర్వాత అమెరికా అధ్యక్షుడైనవాడు) కింద యుద్ధానికెళ్ళిన డేవీ రెండో భాగంలో అదే జాక్సన్‌తో విభేదిస్తాడు, మూడో భాగంలో అన్నీ వదిలి టెక్సస్ వెళ్ళిపోతాడు. మధ్యలో అతుకులన్నీ డేవీ డైరీ పేజీలు, పాట చరణాలు కప్పేస్తాయి. ఆ పాట పుట్టుక కూడా అతుకు కోసమే, తీసిన ఫిల్ము స్లాట్‌కి సరిపోవట్లేదని, ఖాళీ నింపడానికి జార్జ్ బ్రన్స్ ట్యూన్ కట్టాడు, టామ్ బ్లాక్‌బర్న్ మాటలు రాశాడు. సందు పూడ్చడానికి రాసిన పాట 1955లో అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది. దారం బట్టకన్నా ఎక్కువ మెరిసిన సందర్భం ఇది, ఇంకెక్కడా ఇలా జరగలేదు.

పోగొట్టుకున్నదీ ఉంది. మూడు గంట స్లాట్ల సరుకుని గంటన్నరకి కుదించారు, యాడ్స్ లెక్క తీసేసినా మూడో వంతుకి పైనే పోయింది. యాక్షన్ మిగిలింది, మధ్యలో నిదానంగా నడిచే సీన్లు కరిగిపోయాయి. ఇంకో చిక్కు ఏంటంటే మూడో ఎపిసోడ్‌లోనే హీరోని అలమోలో ముగించేశారు, ఇంత హిట్టవుతుందని ముందు తెలీదు కదా. చావు చూపించలేదు, తుపాకీని కర్రలా తిప్పుతూ కొడుతున్న డేవీ మీదే ఆపేశారు, ఆ ఒక్క నిర్ణయం ఎంత గొప్పదో చూసినవాళ్ళకే తెలుస్తుంది. కానీ జనం ఇంకా కావాలంటే వెనక్కి వెళ్ళక తప్పలేదు, అలమోకి ముందు కథలంటూ 1955 నవంబర్, డిసెంబర్‌లలో ఇంకో రెండు ఎపిసోడ్లు వేసి, వాటిని కలిపి 1956లో డేవీ క్రాకెట్ అండ్ ద రివర్ పైరేట్స్ వదిలారు. పడవ పందెం ఒక ముక్క, నది దొంగలు ఒక ముక్క, సరదాగానే ఉంటుంది కానీ మొదటిదానిలో ఉన్న బరువు లేదు. ఇది రెండు ఎపిసోడ్లు, అది ఒక జీవితం.

డిస్నీ ఈ కిటుకు తర్వాత చాలాసార్లు వాడాడు, ముఖ్యంగా విదేశాల కోసం. గై విలియమ్స్ హీరోగా చేసిన జోరో (ముసుగేసుకున్న కత్తి వీరుడు) సిరీస్‌లో మొదటి 13 ఎపిసోడ్లు కెప్టెన్ మొనస్టారియో అనే ఒకే విలన్ చుట్టూ నడుస్తాయి కాబట్టి వాటిలోంచి ద సైన్ ఆఫ్ జోరో సినిమా తేలిగ్గానే తయారైంది. టామ్ ట్రయాన్ చేసిన టెక్సస్ జాన్ స్లాటర్, రాబర్ట్ లోజా చేసిన ఎల్ఫెగో బాకా ఎపిసోడ్లు కూడా అమెరికా బయట థియేటర్లలో సినిమాలుగా ఆడాయి. 1950ల చివరికి అమెరికాలో టీవీ దాదాపు ప్రతి ఇంటికీ చేరిపోయింది, ఇక ఇంట్లో ఈ సరుకు అమ్ముడుపోదు, కానీ బయట చాలా దేశాలకి అమెరికా సిరీస్‌లు ఇంకా అందలేదు. 1952లో అమెరికా చిన్న ఊరు చేసిన పనిని ఇప్పుడు వేరే దేశాలు చేశాయి.

హాలీవుడ్ పెద్ద కంపెనీ ఎంజీఎం వాళ్ళది ఇంకా చిత్రమైన చక్రం. 1940లో స్పెన్సర్ ట్రేసీతో నార్త్‌వెస్ట్ పాసేజ్ అనే పెద్ద సినిమా తీశారు, 1958లో అదే పేరుతో అరగంట టీవీ సిరీస్ మొదలెట్టారు, కలర్లో, పాత సినిమా ఫుటేజ్ కూడా అందులో వాడుకుంటూ. సిరీస్ 26 ఎపిసోడ్లకే ఆగిపోయింది. ఆ ఎపిసోడ్లలోంచి ఫ్రాంటియర్ రేంజర్స్, మిషన్ ఆఫ్ డేంజర్, ఫ్యూరీ రివర్ అనే సినిమాలు కుట్టారు. సినిమా టీవీ అయ్యి టీవీ మళ్ళీ సినిమా అయ్యింది. అందులో ఫ్రాంటియర్ రేంజర్స్‌కి డైరెక్టర్ జాక్ టర్నర్, క్యాట్ పీపుల్, అవుట్ ఆఫ్ ద పాస్ట్ లాంటి సినిమాలు తీసిన మనిషి. నీడలతో భయం పుట్టించగలిగిన డైరెక్టర్ చివరికి అరగంట ఎపిసోడ్లు తీసి, అవి ఎవరో కుట్టిన బొమ్మ మీద తన పేరు చూసుకోవాల్సి రావడం తలుచుకుంటే మనసుకి కష్టంగానే ఉంటుంది. 1967లో హోండో సిరీస్ మొదటి రెండు ఎపిసోడ్లని హోండో అండ్ ద అపాచీస్‌గా వదిలింది కూడా ఎంజీఎంనే, అయితే అది మొదటి నుంచీ రెండు భాగాల కథే కాబట్టి అంత ఎబ్బెట్టుగా ఉండదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే హీరో, ఒకే కాలంలో తీసిన ముక్కలు. 1970లకి వచ్చేసరికి హద్దు దాటింది. ద వర్జీనియన్ అనే సిరీస్ 1962లో ఎన్‌బీసీలో మొదలైంది, ఒక్కో ఎపిసోడ్ గంటన్నర స్లాట్, అదీ కలర్లో, అంటే ఒక్క ఎపిసోడే ఒక సినిమా అంత ఉండేది. తొమ్మిదేళ్ళు నడిచింది. మొదటి ఏడాదిలో ఇట్ టోల్స్ ఫర్ దీ అని ఒక ఎపిసోడ్, డైరెక్షన్ సామ్యూల్ ఫుల్లర్, విలన్ లీ మార్విన్. 1967లో ద రెకనింగ్ అని ఇంకోటి, డైరెక్షన్ చార్ల్స్ డూబిన్, విలన్ చార్ల్స్ బ్రాన్సన్. రెండింటికీ మధ్య ఐదేళ్ళు, సంబంధం ఏమీ లేదు. తర్వాత మార్విన్, బ్రాన్సన్ ఇద్దరూ పెద్ద స్టార్లయ్యారు. అప్పుడు ఎవరికో ఐడియా వచ్చింది, రెండు ఎపిసోడ్లూ కలిపేస్తే ఇద్దరు స్టార్లున్న సినిమా అవుతుందని. అలా పుట్టిందే ద మీనెస్ట్ మెన్ ఇన్ ద వెస్ట్.

కథలో ఇద్దరినీ ఒకరంటే ఒకరికి పడని సవతి అన్నదమ్ముల్ని చేశారు. కానీ ఇద్దరూ ఒక్క ఫ్రేములో కూడా కలవరు, కలిసే అవకాశమే లేదు. ఒకడు ఇటు చూసి కాలుస్తాడు, కట్, అవతల ఇంకోడు ఎటో చూసి కాలుస్తాడు, కట్. వెలుతురు వేరు, ఫిల్ము రంగు వేరు, ఐదేళ్ళ తేడాతో తీసిన మొహాలు వేరు. మాటల్లో, వాయిస్ ఓవర్లో చుట్టరికం కలిపారు కానీ కళ్ళకి చుట్టరికం కలవదు. నటన అంటే ఎదుటివాడి మొహం చూసి మన మొహం మారడం, ఇక్కడ ఎదుట ఎవడూ లేడు. టైటిల్స్‌లో ఎప్పుడూ కలిసి పని చెయ్యని ఇద్దరు డైరెక్టర్ల పేర్లు పక్కపక్కన పడతాయి. ఇదే మార్విన్, ఇదే బ్రాన్సన్ 1967లో ద డర్టీ డజన్‌లో నిజంగా కలిసి నటించారు, అది చూసి ఇది చూస్తే తేడా కడుపులో తిప్పుతుంది. ఫుల్లర్ తీసిన ఎపిసోడ్‌ని విడిగా చూడండి, మార్విన్ అందులో ఎంత ప్రమాదకరంగా ఉంటాడో. అతికించిన దాంట్లో ఆ ప్రమాదం చప్పబడిపోతుంది, కథ ప్రతి పది నిమిషాలకీ అతన్ని వదిలేసి వేరే ఎపిసోడ్‌లోకి పరుగెత్తాలి కాబట్టి. బి సినిమా అనే మాట వాడటానికి కూడా మనసొప్పని సందర్భం ఇది. హికాక్ సినిమాలు పేదవే కానీ వాటిలో ఇలాంటి అబద్ధం లేదు.

నటుడు ఊరుకోని కేసు కూడా ఒకటుంది, అది ఇటలీలో జరిగింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ 1959 నుంచి 1965 దాకా రాహైడ్ సిరీస్‌లో రౌడీ యేట్స్ అనే కుర్ర కౌబాయ్. మధ్యలో సెలవు దొరికినప్పుడు స్పెయిన్ వెళ్ళి ఇటలీ డైరెక్టర్ సెర్జియో లియోనేకి ఒక సినిమా చేశాడు, పారితోషికం 15,000 డాలర్లు. షూటింగ్ టైంలో ఆ సినిమా పేరు ద మాగ్నిఫిసెంట్ స్ట్రేంజర్, 1964లో రిలీజయ్యేటప్పటికి ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్ అయ్యింది. యూరప్ అంతా ఊగిపోయింది. అప్పుడు ఆ సినిమా తీసిన జాలీ ఫిల్మ్ వాళ్ళే రాహైడ్‌లోంచి రెండు ఎపిసోడ్లు కొనుక్కుని, కుట్టి, వదిలేసిన ఆ పాత పేరు పెట్టి, ఈస్ట్‌వుడ్ కొత్త వెస్టర్న్ అన్నట్టు థియేటర్లలో వేశారు. ఇంకో డిస్ట్రిబ్యూటర్ కూడా ఇలాంటిదే ఇంకోటి తయారు చేశాడు. ఈస్ట్‌వుడ్ కోర్టుకెళ్ళాడు, బొమ్మలు థియేటర్ల నుంచి తీసేయాల్సి వచ్చింది.

ఇక్కడ తప్పు ఎక్కడుందో సూటిగా చూడాలి. రాహైడ్ ఎపిసోడ్లు చెడ్డవి కావు, మంచి సిరీస్ అది. కానీ గడ్డంతో, చుట్ట నములుతూ, దుప్పటి కప్పుకుని, మాటలు లెక్కపెట్టి మాట్లాడే ఆ పేరులేని మనిషిని చూద్దామని టికెట్ కొన్నవాడికి, గడ్డం గీసుకుని పశువులు తోలుకునే మంచి కుర్రాణ్ణి చూపించారు. 1952లో హికాక్ టికెట్ కొన్న పిల్లాడికి తను అనుకున్న హికాకే దొరికాడు. ఈ టికెట్ కొన్నవాడికి వేరే మనిషి దొరికాడు. మనకి కూడా కౌబాయ్ అంటే గుర్తొచ్చేది ఈ రెండో మనిషే కదా, 1971లో మోసగాళ్ళకు మోసగాడు కోసం కృష్ణ టీం రాజస్థాన్ ఎడారిదాకా వెళ్ళింది ఆ ఇసుక, ఆ ఎండ, ఆ వెడల్పు కోసం, టీవీ ఫ్రేములో పట్టే ఊరి సెంటర్ కోసం కాదు. నటుడు ఒక్కడే అయినా టీవీ వెస్టర్న్, సినిమా వెస్టర్న్ ఎంత వేరో ఈ ఒక్క కేసు చాలు చూపించడానికి.

ఈ బొమ్మల్ని ఇప్పుడు చూడాలనుకునేవాళ్ళు అతుకు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూస్తే బాగుంటుంది. హికాక్ సినిమాల్లో దాదాపు 26వ నిమిషం దగ్గర గమనించండి, తెర నల్లబడి మళ్ళీ వెలిగే ఆ చోట. లోన్ రేంజర్‌లో అయితే గొంతు ఎక్కడ ఎక్కువ మాట్లాడుతుందో వినండి. మీనెస్ట్ మెన్‌లో ఇద్దరు స్టార్ల వెనక ఆకాశం రంగు పోల్చండి. డేవీ క్రాకెట్‌లో మాత్రం ముందు సినిమా చూసి తర్వాత ఎపిసోడ్లకి వెళ్ళడం మంచిది, 2001లో డిస్నీ ఆ ఐదు ఎపిసోడ్లనీ టీవీలో వచ్చినట్టే పూర్తిగా డీవీడీలో తెచ్చింది. సినిమాలో పాట ఒక చరణం పాడేలోపు దాటేసిన నెలలు అక్కడ సీన్లుగా ఉన్నాయి, రంగుల్లో, 1955లో థియేటర్ కెళ్ళిన పిల్లలకీ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లలకీ కూడా దొరకని విధంగా.